ఊరి మధ్యలోంచి హైవే: గంజాంలో నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

రోడ్డు ప్రాజెక్టుల డీపీఆర్ (వివరమైన ప్రాజెక్టు నివేదిక) తయారయ్యేటప్పుడు జనం మాట వినడం, దాన్ని రాసి ఇంజనీర్లకు అందించడం నా పని. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో మన తెలుగువాళ్ల అరుగుల మీద కూర్చున్నప్పుడల్లా ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: "రాళ్లు పాతేశారు, ఇక అయిపోయినట్టే."

సర్వే రాయి పాతినంత మాత్రాన భూమి పోదు. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం ప్రకారం ముందు 3ఏ ప్రకటన, అంటే ఫలానా భూమి తీసుకోవాలనుకుంటున్నామని చెప్పే ప్రకటన రావాలి. అది గెజిట్‌లో వచ్చిన నాటి నుంచి 21 రోజుల్లోగా అభ్యంతరం రాసివ్వొచ్చు. అధికారి మిమ్మల్ని పిలిచి వినాలి. ఆ తర్వాత 3డీ ప్రకటన వస్తుంది. అది వచ్చిందంటే భూమి కేంద్రానిదే. అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే: 3ఏ దాకా కూడా ఆగకండి. అలైన్‌మెంట్ (రోడ్డు వెళ్లే దారి) మ్యాప్ మీద ఇంకా రెండు మూడు గీతలుగా ఉన్నప్పుడే వచ్చి అడగండి. అప్పుడు గీత జరపడం తేలిక.

అపోహ: "ఇంజనీర్లకు తెలియనిది మనకేం తెలుసు?"

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. ఒక టౌన్ శివారు వార్డులో డ్రాయింగ్ పరిచి చూపిస్తున్నాం. మా సర్వే ఏప్రిల్‌లో, ఎండాకాలంలో జరిగింది. ఒక పెద్దాయన మ్యాప్ మీద వేలు పెట్టి, "బాబూ, ఇక్కడ గెడ్డ (వాగు) ఉంది కదా, కట్ట వేసేస్తే నీళ్లెటు పోతాయి?" అన్నారు. మా కాగితంలో అక్కడ ఉన్నది ఒక చిన్న పైపు కల్వర్టు. ఆయన మమ్మల్ని తన పెరటి గోడ దగ్గరికి తీసుకెళ్లారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు వచ్చిన నీళ్ల మట్టి చార ఆ సున్నం గోడ మీద ఇంకా ఉంది. నా నడుం దాకా వచ్చింది. టేపు పెట్టి కొలిచాం, ఫొటో తీసి రిపోర్టులో పెట్టాం. పైపు పోయి, నీళ్లు ఎక్కువగా పోయే బాక్స్ కల్వర్టు వచ్చింది.

"మాకు అన్యాయం జరుగుతోంది" అని రాస్తే ఆ బాధ నిజమే, కానీ ఇంజనీరు చేతికి పట్టు దొరకదు. "బడి పిల్లలు ఇక్కడ దాటతారు, అండర్‌పాస్ కిలోమీటరు అవతల పెట్టారు" అని రాస్తే జవాబు చెప్పక తప్పదు.

అపోహ: "తెలుగులో అర్జీ ఇస్తే తీసుకోరు."

రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం దేశంలో గానీ, రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు ఉంది. ధైర్యంగా ఇవ్వండి. ఒడియా కాపీ కూడా జతచేస్తే పని త్వరగా అవుతుంది. అయితే భూమి తీసుకునే ప్రకటన స్థానిక భాషా పేపర్లో ఇక్కడ ఒడియాలో వస్తుంది. ఇంట్లో ఒడియా చదివే పిల్లల చేత చదివించండి. మౌజా (రెవెన్యూ గ్రామం) పేరు, ప్లాట్ నంబరు మీ పట్టాతో సరిపోల్చండి.

అపోహ: "ప్రజాభిప్రాయ సేకరణకు ఎవరూ వెళ్లకపోతే ప్రాజెక్టు ఆగుతుంది."

ఆగదు. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ఈ సభకు కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న లెక్క, అక్కర్లేదు. పది మంది వచ్చినా సభ జరిగినట్టే. అది ఓటింగ్ కూడా కాదు. అక్కడ చెప్పిన అభ్యంతరాలు రికార్డుకెక్కుతాయి, తుది నివేదికలో వాటికి సమాధానం ఉండాలి. కొత్తగా భూమి తీసుకోకుండా చేసే విస్తరణకు ఈ సభే ఉండదు, అది గుర్తుంచుకోండి.

అపోహ: "అభ్యంతరం పెడితే పరిహారం తగ్గిస్తారు."

తగ్గించరు. పరిహారం చట్టం లెక్క ప్రకారం కడతారు. ఆ మొత్తం నచ్చకపోతే ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గరికి వెళ్లొచ్చు.

అర్జీ ఇచ్చేటప్పుడు మాత్రం రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకదాని మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకున్నాకే బయటికి రండి.