రోలర్ కోస్టర్ వంపుల వెనుక లెక్క

రోలర్ కోస్టర్ బండికి ఇంజను ఉండదు. గొలుసు దాన్ని మొదటి గుట్ట శిఖరం దాకా ఈడ్చుకెళ్లి వదిలేస్తుంది. ఆ తర్వాత ఎదురయ్యే దిగుళ్లు, మలుపులు, పల్టీలు అన్నింటినీ అది ఆ ఎత్తులో కూడగట్టుకున్న శక్తితోనే దాటాలి. 50 మీటర్ల ఎత్తు నుంచి దిగిన బండి, ఘర్షణే లేకపోతే, అడుగుకు చేరేసరికి గంటకు 113 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. బండి ఖాళీగా ఉన్నా, మనుషులతో నిండి ఉన్నా ఈ లెక్క మారదు. వాస్తవంలో చక్రాల ఘర్షణ, గాలి నిరోధం ఇందులో కొంత తినేస్తాయి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో సీడర్ పాయింట్ అనే పార్కులో 2000లో ప్రారంభమైన మిలెనియం ఫోర్స్‌కు మొదటి దిగుడు సుమారు 91 మీటర్లు. లెక్క ప్రకారం గంటకు 152 కిలోమీటర్లు రావాల్సిన చోట దాదాపు 150 వస్తుంది. వేగం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు చేయాలి కాబట్టి, ఎత్తు పెంచుకుంటూ పోవడం చాలా ఖరీదైన దారి.

అంటే ఎంత ఎత్తు కట్టాలో తేలిన క్షణానే వేగం కూడా తేలిపోతుంది. రూపకర్త చేతిలో మిగిలేది ఆ వేగాన్ని ఎటు మళ్లించాలి, ఎంత సేపట్లో మళ్లించాలి అన్న నిర్ణయం. నా దృష్టిలో ఈ కళంతా అక్కడే ఉంది.

మన శరీరానికి వేగాన్ని కొలిచే ఇంద్రియం లేదు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానంలో హాయిగా నిద్రపోగలం. మనకు తెలిసేది వేగంలో గానీ దిశలో గానీ వచ్చే మార్పు, అంటే త్వరణం. అదీ సీటు మనల్ని ఎంత బలంగా నెడుతున్నదన్న రూపంలో తెలుస్తుంది. నేల మీద కూర్చున్నప్పుడు ఆ నెట్టుడు మన బరువుకు సమానం. దాన్ని ఒక జీ అంటారు. లోయ అడుగున బండి దిశ పైకి తిరిగేటప్పుడు అది మూడు, నాలుగు జీలకు పెరుగుతుంది. గుట్ట నెత్తిన బండి వంగేటప్పుడు తగ్గుతుంది, కొన్నిచోట్ల పూర్తిగా మాయమవుతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి 41 మీటర్ల వ్యాసార్ధం ఉన్న శిఖరాన్ని దాటితే, ఆ క్షణంలో ప్రయాణికుడి బరువు సున్నా అవుతుంది. శిఖరాన్ని ఇంకాస్త పదునుగా వంచితే మనిషి సీటు నుంచి లేచి, తొడల మీది అడ్డకడ్డీకి ఆనుకుంటాడు. రోలర్ కోస్టర్ ప్రియులు ఎయిర్‌టైమ్ అని మురిసిపోయేది దీన్నే. గుట్టను పరావలయం ఆకారంలో మలిస్తే, గాలిలోకి విసిరిన రాయి నడిచే దారిలోనే బండి నడుస్తుంది కనుక ఆ భారరహిత స్థితి ఒక్క క్షణంతో ముగియకుండా గుట్ట పొడవునా సాగుతుంది.

పల్టీ కథ దీనికంటే బోధపరిచేది. 1895లో న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే అనే బండి నిలువు వలయంలో తలకిందులుగా తిరిగేది. ఆ వలయం దాదాపు సంపూర్ణ వృత్తం. వ్యాసం ఏడున్నర మీటర్లకు కాస్త ఎక్కువ. ప్రయాణికుల మెడలకు గాయాలయ్యేవి. దానిలో బలం 12 జీల దాకా వెళ్లి ఉంటుందని అంచనా. తప్పు పనితనంలో లేదు, ఆకారంలోనే ఉంది. వృత్తం పైభాగంలో బండి పట్టాలను వదలకుండా ఉండాలంటే అక్కడ కనీసం కొంత వేగం మిగలాలి. ఆ కనీస వేగంతో పైభాగాన్ని దాటే బండికి అడుగున ఎంత వేగం ఉండాలో వెనక్కి లెక్కిస్తే, అక్కడ ప్రయాణికుడి మీద పడే బలం ఆరు జీలని తేలుతుంది. వృత్తం చిన్నదైనా పెద్దదైనా ఈ ఆరు మారదు. అంతకుమించిన చిక్కు, చదునైన పట్టా నుంచి వృత్తంలోకి అడుగుపెట్టే చోట ఉంది. వంపు అక్కడ సున్నా నుంచి పూర్తి స్థాయికి ఒక్కసారిగా దూకుతుంది. ఒక జీ మోస్తున్న మెడ మీద రెప్పపాటులో ఆరు జీలు వచ్చి పడతాయి.

దీనికి నిలకడైన సమాధానం దొరకడానికి ఎనభై ఏళ్లు పట్టింది. జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్, నిర్మాత ఆంటన్ ష్వార్జ్‌కోఫ్‌తో కలిసి, 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో తెరిచిన రివల్యూషన్ కోసం క్లోథాయిడ్ అనే వక్రరేఖను వాడాడు. రైలు పట్టాలను, రహదారులను మలుపు తిప్పడానికి ఇంజనీర్లు అప్పటికే వాడుతున్న రేఖ అది. దాని మీద ముందుకు వెళ్లిన దూరానికి తగినట్టుగా వంపు పెరుగుతూ పోతుంది. అడుగున వేగం ఎక్కువ కాబట్టి వంపు విశాలంగా ఉంటుంది. పైకి వెళ్లి వేగం తగ్గేకొద్దీ వంపు బిగుసుకుంటుంది. ఫలితంగా పల్టీ ఆకారం గుండ్రంగా కాకుండా తిరగేసిన కన్నీటి బొట్టులా కనిపిస్తుంది. బలం క్రమంగా ఎక్కుతుంది, క్రమంగా దిగుతుంది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ పల్టీ ఉన్న రోలర్ కోస్టర్‌ను చూసినా ఆ ఆకారమో, దాని బంధువో కనిపిస్తుంది.

స్టెంగెల్ తెచ్చిన మరో ఆలోచన కూడా అంతే విలువైనది. పాత రోలర్ కోస్టర్లలో బండి పక్కకు ఒరిగేటప్పుడు పట్టానే ఇరుసుగా తిరిగేది. పట్టాకు మీటరుకు పైగా ఎత్తున ఉన్న ప్రయాణికుడి తల పెద్ద చాపం గీస్తూ పక్కకు విసిరినట్టయ్యేది. స్టెంగెల్ ఆ ఇరుసును మనిషి గుండె ఉన్న ఎత్తుకు మార్చాడు. ఒంపు తిరిగేటప్పుడు ఛాతీ తన దారిన నేరుగా పోతుంది, దాని చుట్టూ పట్టా మెలితిరుగుతుంది. బయటి నుంచి చూసేవారికి పట్టాలు అనవసరంగా పక్కకు జరిగినట్టు కనిపించే చోట్ల కారణం సాధారణంగా ఇదే.

ఈ రెండు ఆలోచనలూ కలిసి రూపకల్పన క్రమాన్నే తిరగేశాయి. పూర్వం ముందు పట్టా గీసి, ఆ తర్వాత బలాలు ఎలా ఉంటాయో చూసేవారు. ఇప్పుడు కంప్యూటర్ మీద ముందుగా బలాల రేఖను గీస్తారు: ఇక్కడ అర సెకను సున్నా జీ, ఆపై ఒకటిన్నర సెకను పాటు మూడున్నరకు ఎక్కాలి, తర్వాత ఎడమవైపు కొద్దిగా తోపు, ఇలా. ఆ బలాలను పుట్టించగల పట్టా ఎలా వంగాలో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి చూపిస్తుంది. ఆ గొట్టాలను కర్మాగారంలో త్రిమితీయంగా వంచి, ముక్కలుగా తెచ్చి, నిర్మాణ స్థలంలో బోల్టులతో బిగిస్తారు.

మనిషి ఎంత బలాన్ని తట్టుకోగలడన్న ప్రశ్నకు ఒకే ఒక్క అంకె జవాబుగా ఉండదు. బలం తల నుంచి పాదాల వైపు పనిచేస్తే రక్తం కిందికి దిగి చూపు మసకబారుతుంది. తిరగబడి పనిచేస్తే రక్తం తలకెక్కుతుంది, దాన్ని శరీరం మరీ తక్కువగా సహిస్తుంది. పక్క నుంచి వచ్చే తోపులకు మెడ త్వరగా లొంగిపోతుంది. అందుకే అమెరికాలో వాడే ఏఎస్‌టీఎం ఎఫ్2291 ప్రమాణం పరిమితులను ఒక్కో దిశకు విడివిడిగా, కాలవ్యవధితో ముడిపెట్టి నిర్ణయిస్తుంది. అర సెకను పాటు అనుమతించే బలాన్ని ఐదు సెకన్ల పాటు అనుమతించదు.

చక్రాల సంగతి కూడా చెప్పుకోవాలి. పట్టా మీద నడిచే చక్రాలు, పక్క నుంచి పట్టాను పట్టుకునేవి, అడుగు నుంచి ఒరిసి పట్టుకునేవి అని మూడు రకాలు ఉంటాయి. అడుగు చక్రాలకు అమెరికన్ రూపకర్త జాన్ మిల్లర్ 1919లో పేటెంట్ పొందాడు. అంతకుముందు గుట్ట మరీ పదునుగా ఉంటే బండి పట్టా వదిలి లేచిపోయే ప్రమాదం ఉండేది. ఈ ఏర్పాటు వచ్చాకే ఎయిర్‌టైమ్‌కు నిజమైన స్వేచ్ఛ దొరికింది. చాలా చక్రాలకు పాలీయురిథేన్ తొడుగు ఉంటుంది. చలి ఉన్న ఉదయం తొడుగు గట్టిగా, బేరింగుల్లోని గ్రీజు చిక్కగా ఉంటుంది; మధ్యాహ్నానికి అంతా వేడెక్కి అదే బండి స్పష్టంగా వేగంగా పరుగెడుతుంది. ఏ సీటులో కూర్చున్నామన్నది కూడా అంతే ముఖ్యం. గట్టు మీదుగా జారే తాడును ఊహించుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది: ముందు కొస గట్టు దాటినా, బరువులో సగానికి పైగా ఇంకా వెనుకే ఉన్నంతసేపు తాడు నెమ్మదిగానే కదులుతుంది, వెనుక కొస దాటే వేళకు మిగతాదంతా కిందికి లాగుతూ ఉంటుంది. కాబట్టి మొదటి వరుసవారు శిఖరం మీద వేలాడుతూ లోయను చూస్తారు, చివరి వరుసవారిని బండి శిఖరం మీదుగా గుంజి పారేస్తుంది.

గొలుసుకు బదులు బండిని ఒక్క ఊపున విసిరే పద్ధతులు ఈ మూడు దశాబ్దాల్లో బాగా పెరిగాయి. న్యూజెర్సీలోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్‌లో 2005లో వచ్చిన కింగ్డా కా వీటిలో అతి సాహసమైనది. హైడ్రాలిక్ ద్రవంతో నైట్రోజన్ వాయువును అణిచిపెట్టి, ఆ ఒత్తిడిని ఒక్కసారిగా విడుదల చేసి, తీగ చుట్టే డ్రమ్మును తిప్పి, బండిని మూడున్నర సెకన్లలో గంటకు 206 కిలోమీటర్ల వేగానికి తెచ్చేవారు. ఆ తర్వాత బండి 139 మీటర్ల నిలువు గోపురం ఎక్కి దిగాలి. ఆ వేగంతో, ఘర్షణ ఏమీ లేకపోతే, 167 మీటర్ల దాకా ఎక్కవచ్చు. మధ్యలో మిగిలిన 28 మీటర్ల తేడాయే ఎదురుగాలికి, చలికి, చక్రాల అరుగుదలకు కేటాయించిన మొత్తం నిల్వ. అది చాలని రోజున బండి శిఖరం దాకా వెళ్లలేక వచ్చిన దారినే వెనక్కి జారేది. బండిని విసిరే మార్గంలో పైకి లేచి ఉండే లోహపు పలకలు దాన్ని క్షేమంగా ఆపేవి.

ఆ పలకల పని నాకు ఎప్పటికీ అద్భుతంగానే తోస్తుంది. బలమైన శాశ్వత అయస్కాంతాల మధ్య నుంచి రాగి లేదా అల్యూమినియం పలక దూసుకుపోతే, పలకలో సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలు పుట్టి, తమకు కారణమైన కదలికనే అడ్డుకుంటాయి. ఏదీ దేన్నీ తాకదు, అరగదు. కరెంటు పోయినా బ్రేకు పనిచేస్తుంది. దానికి ఒక పరిమితి ఉంది: వేగం తగ్గేకొద్దీ అడ్డుకునే బలమూ తగ్గుతుంది కనుక బండిని పూర్తిగా నిలపలేదు. చివరి కొద్ది మీటర్లు మామూలు బ్రేకులకో, టైర్లకో అప్పగించాలి. విద్యుత్తుతో అయస్కాంత క్షేత్రాన్నే పట్టా వెంట పరుగెత్తించే లీనియర్ మోటార్లు ఇదే కుటుంబానివి. కొత్త రోలర్ కోస్టర్లలో ఇప్పుడు బండిని విసరడానికి ఎక్కువగా ఎంచుకునేది వీటినే; దారి మధ్యలో ఎక్కడంటే అక్కడ బండికి మళ్లీ ఊపు ఇవ్వవచ్చు.

ఒకే పట్టా మీద పలు బండ్లు తిరిగేటప్పుడు భద్రత రైల్వే సిగ్నళ్ల సూత్రం మీద నిలుస్తుంది. మార్గాన్ని ఖండాలుగా విభజించి, ఒక ఖండంలో ఒక బండి ఉండగా మరొకటి అడుగుపెట్టకుండా నియంత్రణ వ్యవస్థ కాపలా కాస్తుంది. ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కులో 2015 జూన్ 2న ఏం జరిగిందో ఈ రంగంలో ఉన్నవారెవరూ మరువలేరు. 14 పల్టీలతో రికార్డు సృష్టించిన స్మైలర్ అనే రోలర్ కోస్టర్ మీద, గట్టి గాలి వల్ల ఖాళీ పరీక్ష బండి ఒక లోయలో నిలిచిపోయింది. వ్యవస్థ ఆ సంగతి గ్రహించి వెనుక బండిని సరిగ్గానే ఆపింది. నిలిచిపోయిన బండి సంగతి తెలియని సిబ్బంది ఆ ఆపుదలను పొరపాటుగా భావించి, వ్యవస్థను పక్కనబెట్టి బండిని వదిలారు. 16 మంది గాయపడ్డారు. ఇద్దరు యువతులు చెరొక కాలు కోల్పోయారు. అలాంటి పరిస్థితిలో ఏం చేయాలో స్పష్టమైన విధానం సిబ్బందికి అందించనందుకు నిర్వాహక సంస్థకు 2016లో 50 లక్షల పౌండ్ల జరిమానా పడింది. యంత్రం కాదన్నదాన్ని మనిషి అవుననగల మీట ఎవరి చేతిలో, ఏ షరతులతో ఉండాలన్నది కూడా రూపకల్పనలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

కింగ్డా కాను 2024లో మూసివేసి, 2025 ఫిబ్రవరిలో పేలుడు పదార్థాలతో కూల్చేశారు. రికార్డుల పరుగు మాత్రం ఆగలేదు. అబుదాబీలో 2010 నుంచి నడుస్తున్న ఫార్ములా రోసా గంటకు 240 కిలోమీటర్లు అందుకుంటుంది, దాని ప్రయాణికులు కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. సౌదీ అరేబియాలోని కిద్దియాలో కట్టిన ఫాల్కన్స్ ఫ్లైట్ గంటకు 250 కిలోమీటర్ల వేగంతో, నాలుగు కిలోమీటర్లకు మించిన పట్టాతో దాన్ని దాటింది. వీటిని నిర్మించినవారి నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది, కానీ నన్ను ఎక్కువగా ఆకర్షించేవి వేరే ప్రయోగాలు. సీడర్ పాయింట్‌లో 2025లో వచ్చిన సైరెన్స్ కర్స్ మీద బండి ఒక తెగిన పట్టా చివర ఆగుతుంది; ఆ పట్టా ముక్క బండితో సహా నెమ్మదిగా నిలువుకు వాలి, కింది పట్టాతో కలుసుకున్నాక వదులుతుంది. ఫ్లోరిడాలోని ఎప్‌కాట్‌లో 2022లో మొదలైన కాస్మిక్ రివైండ్‌లో ప్రతి పెట్టె తన ఇరుసు మీద నియంత్రితంగా తిరుగుతుంది, కాబట్టి ఒకే మలుపు తోపును వీపు మీదో, పక్కటెముకల మీదో పడేలా రూపకర్త ఎంచుకోగలడు.

అన్నింటిలోకీ నాకు ఇష్టమైనది పాత కర్ర కోస్టర్ల పునర్నిర్మాణం. అరిగి, కుదుపులతో విసిగించే కర్ర నిర్మాణాన్ని చాలావరకు అలాగే ఉంచి, పైన కొత్త ఉక్కు పట్టాలు పరిచే పద్ధతిని రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్ సంస్థ 2011లో టెక్సస్ జెయింట్ మీద మొదట చూపించింది. సీడర్ పాయింట్‌లో 1991 నాటి మీన్ స్ట్రీక్ అదే చికిత్సతో 2018లో స్టీల్ వెంజన్స్‌గా తిరిగి తెరుచుకుంది. ఎత్తు 49 మీటర్ల నుంచి 62కు పెరిగింది, నాలుగు పల్టీలు చేరాయి. అయినా ఆ పార్కు అందరికంటే ముందుగా చాటుకున్న అంకె ఎత్తుదీ కాదు, వేగానిదీ కాదు. ఒక్క ప్రయాణంలో మనిషి సీటును వదిలి తేలే సమయం మొత్తం 27.2 సెకన్లని ప్రకటించింది.