మినికాయ్ చేపల పల్లెలు: అపోహలు - వాస్తవాలు

లక్షద్వీప్‌కు ప్రయాణికులను తీసుకెళ్లడం నా వృత్తి. అక్కడి మినికాయ్ దీవి గురించి చాలామంది ముందే కొన్ని అభిప్రాయాలు ఏర్పరచుకుని వస్తారు. వాటిని సరిచేసుకుని వస్తే చూడగలిగేది ఎంతో ఉంటుంది.

అపోహ: మత్స్యకారులంటే వల విసిరేవాళ్లే.

వాస్తవం: ఇక్కడ ట్యూనా చేపలను పట్టేది గాలంతో, ఒక్కొక్కటిగా. వల వాడేది ఎర కోసమే. దీవిని ఆనుకుని ఉన్న లోతులేని నీళ్లలో చిన్న చేపలను పట్టి, పడవలోని తొట్టెలో ప్రాణంతో ఉంచుతారు. తర్వాత పగడపు దిబ్బ దాటి సముద్రంలోకి సాగుతారు. పక్షులు మూగిన చోట ట్యూనా గుంపు ఉంటుందని వాళ్లకు తెలుసు. అక్కడ బతికున్న ఎరను చల్లి, పడవ మీది నుంచి నీటిని జల్లుగా కొడతారు. నీళ్లు చిటపటలాడుతుంటే చిన్న చేపలు గంతులేస్తున్నాయనుకుని ట్యూనాలు ఎగబడతాయి. కొక్కేనికి వెనక్కి తిరిగిన ముల్లు ఉండదు కాబట్టి, గడను ఒక్క ఊపు ఊపగానే చేప పడవలో పడి దానంతటదే ఊడిపోతుంది. మరుక్షణం గాలం మళ్లీ నీళ్లలో ఉంటుంది. తాబేళ్లు, డాల్ఫిన్లు చిక్కుకునే ప్రమాదం ఈ పద్ధతిలో చాలా తక్కువ. ఇంతటి నైపుణ్యాన్ని ఎవరైనా ‘వెనుకబాటు’ అంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

అపోహ: ఎప్పుడు వెళ్లినా వేట చూడవచ్చు.

వాస్తవం: నైరుతి రుతుపవనాల కాలంలో వేట దాదాపు ఆగిపోతుంది. మిగతా నెలల్లోనూ ఎర దొరకకపోతే ఆ రోజుకు వేట లేనట్టే.

అపోహ: అక్కడి మాస్‌మిన్ కూడా మామూలు ఎండుచేపే.

వాస్తవం: ట్యూనా ముక్కలను ఉప్పునీళ్లలో ఉడికించి, పొగబెట్టి, ఆ తర్వాత ఎండబెడతారు. చెక్కలా గట్టిపడిన ఆ ముక్క నెలల తరబడి నిలవ ఉంటుంది.

అపోహ: మన దేశమే కదా, టికెట్ ఉంటే చాలు.

వాస్తవం: చాలదు. భారతీయులకైనా లక్షద్వీప్ ప్రవేశ అనుమతి తప్పనిసరి. కొచ్చి నుంచి ఓడలో వెళ్లాలి, మినికాయ్‌లో విమానాశ్రయం లేదు.

అపోహ: పర్యాటకులు ఊళ్లో ఎలా తిరిగినా ఎవరూ పట్టించుకోరు.

వాస్తవం: దీవిలో 11 గ్రామాలున్నాయి. ఒక్కో గ్రామానికి పురుషుల తరఫున, స్త్రీల తరఫున వేర్వేరు పెద్దలుంటారు. మాట్లాడే భాష మహల్. ఇళ్ల మధ్య ఒళ్లు కప్పే దుస్తులు వేసుకోండి, ఫొటో తీసే ముందు అడగండి. మద్యం నిషిద్ధం. ఒడ్డున దొరికిన పగడపు ముక్క ఎండిపోయినదే అయినా సంచిలో వేసుకోకండి, అది చట్టరీత్యా నేరం.