అపోలో సీతాకోకచిలుక: నేను రోజూ వినే అపోహలు

వేసవిలో ఆల్ప్స్ కొండల మీద అపోలో సీతాకోకచిలుకల్ని లెక్కపెట్టడం నా పని. ఇవి ఎండ బాగా తగిలే పచ్చిక బయళ్లలో, రాళ్లు తేలిన వాలుల్లో ఉంటాయి. తెల్లటి పెద్ద రెక్కలు, వెనక రెక్కల మీద నల్ల అంచున్న ఎర్ర చుక్కలు. ఒకసారి చూస్తే మర్చిపోలేం.

అపోహ: "పశువుల్ని తోలకుండా వదిలేస్తే పచ్చిక దానంతటదే బాగుపడుతుంది."

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. దీని గొంగళిపురుగు ముఖ్యంగా సెడమ్ అనే మొక్కను తిని బతుకుతుంది. మన గంగవాయిలి కూరలా దళసరిగా, నీరు నిండిన ఆకులు. రాళ్ల సందున పిడికెడు మట్టి ఉన్నా చాలు, కానీ నీడ పడితే బతకదు. మేత ఆగిపోతే ముందు గడ్డి ఏపుగా పెరుగుతుంది, తర్వాత ముళ్లపొదలు, ఆ తర్వాత చెట్లు. సెడమ్ పోతుంది, దాంతో పురుగూ పోతుంది. పురుగుకి కూడా ఎండ కావాలి. నల్లటి ఒంటి మీద నారింజ చుక్కలతో, వేడెక్కిన రాయి మీద కదలకుండా పడుకుని ఉంటుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి చిన్న పంగల కొమ్ము బయటికి తీస్తుంది. మన పెరట్లో కరివేపాకు చెట్టు మీది పురుగు చేసేదీ ఇదే, రెండూ ఒకే కుటుంబం. అలాగని మంద మరీ ఎక్కువైనా మొక్కలు తొక్కుడుపడి పోతాయి. మేత మితంగా ఉండాలి.

అపోహ: "రెడ్ లిస్టులో దీనికి పెద్ద ప్రమాదం లేదనే ఉందిగా!"

వాస్తవం: రెడ్ లిస్టు అంటే ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే జాబితా, ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ తయారుచేస్తుంది. 1996లో ఆ సంస్థ ఈ సీతాకోకచిలుకని ముప్పున్న జాతుల్లో చేర్చింది. 2021 అంచనాలో ఆ ముప్పున్న వర్గం నుంచి బయటికి వచ్చింది, నిజమే. కానీ అది స్పెయిన్ నుంచి మధ్య ఆసియా దాకా అన్నింటినీ కలిపి వేసిన లెక్క. జర్మనీలో మోసెల్ లోయలో ఉండే ఉపజాతి ఇంకెక్కడా లేదు, అది ఈమధ్య బాగా తగ్గిపోయింది. మొత్తం లెక్క బాగుందని ఆ లోయ గురించి టెన్షన్ పడకుండా ఎలా ఉంటాం?

అపోహ: "రెక్కలున్నాయి కదా, ఇంకో కొండకి ఎగిరిపోతుంది."

వాస్తవం: మధ్యలో దట్టమైన అడవి ఉంటే దాటడం కష్టం. వేడి పెరిగిందని పైకి పోదామన్నా కొండకి శిఖరం ఉంటుంది, దాని పైన చోటు లేదు.

అపోహ: "పట్టి పిన్ను గుచ్చి దాచుకునేవాళ్ల వల్లే తగ్గింది."

వాస్తవం: కొన్నిచోట్ల ఆ దెబ్బా తగిలింది. ఇప్పుడు యూరోపియన్ యూనియన్‌లో దీన్ని పట్టడం నిషేధం. అయినా బయలు మూసుకుపోయిన చోట నిషేధం ఒక్కటే ఏం కాపాడుతుంది?

అపోహ: "ల్యాబులో పెంచి వదిలితే సరి."

వాస్తవం: పోలండ్‌లోని పియెనినీ కొండల్లో 1990ల మొదట్లో కొన్ని పదులే మిగిలాయి. పెంచి వదిలారు, గుంపు మళ్లీ కోలుకుంది. పెంచినవాటిలో రెక్కలు సరిగా రానివీ కనిపించాయి. అక్కడ వదలడంతో పని ఆగలేదు. మూసుకుపోయిన వాలుల్లో చెట్లు, పొదలు కొట్టి, మళ్లీ ఎండ పడేలా చేశారు.