జీవితానికి అర్థం: బరంపురంలో నేను వినే అపోహలు

బరంపురంలో మానసిక సలహాదారుగా పనిచేస్తున్న నా దగ్గరకు, ఇంట్లో తెలుగు, బయట ఒడియా మాట్లాడుతూ పెరిగినవారు ఎందరో వస్తుంటారు. "నేను దేనికోసం బతుకుతున్నాను?" అన్న ప్రశ్న కంటే, దాని చుట్టూ పేరుకున్న నమ్మకాలే వారిని ఎక్కువగా బాధిస్తున్నాయని నాకు అనిపిస్తుంది.

అపోహ: ప్రతి మనిషికీ ఒకే ఒక జీవిత లక్ష్యం ఉంటుంది, చదువు ముగిసేలోగా అది తెలియకపోతే బతుకు వృథా.

వాస్తవం: మన పక్కనున్న పర్లాకిమిడినే చూడండి. గిడుగు రామమూర్తి 1880లో అక్కడ ఉపాధ్యాయ వృత్తిలో చేరింది బతుకుతెరువు కోసమే. చుట్టుపక్కల సవర గిరిజనుల మాట ఆయనలో ఆసక్తి రేపింది; ఆ భాష నేర్చుకుని, వారి పిల్లల కోసం పుస్తకాలు రాసి, బడులు నడిపారు. వ్యావహారిక భాషోద్యమంలోకి అడుగుపెట్టేనాటికి ఆయనకు 40 ఏళ్లు దాటాయి. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడేనాటికి 75 ఏళ్లు. ఈ సంగతి చెబితే "ఆయన మహానుభావుడు కదండీ" అని పక్కన పెట్టేస్తారు. నేను చూపదలచినది ఆయన గొప్పతనాన్ని కాదు, క్రమాన్ని: మొదట ఆసక్తి, తరువాత పని, ఇదే నా జీవితమన్న ఎరుక చాలా ఆలస్యంగా.

అపోహ: అర్థం కోసం వెతుకుతున్నామంటే మనకు అది లేనట్టే.

వాస్తవం: మనస్తత్వ శాస్త్రవేత్త మైఖేల్ స్టెగర్ బృందం జీవితార్థాన్ని కొలిచేందుకు 2006లో ప్రచురించిన ప్రశ్నావళిలో 10 అంశాలుంటే, 5 అర్థం ఉండడాన్ని, 5 వెతుకులాటను విడివిడిగా కొలుస్తాయి. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు.

అపోహ: పని పోతే అర్థమూ పోతుంది.

వాస్తవం: నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బయటపడిన వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ (1905–1997) అర్థానికి మూడు దారులు చెప్పారు: చేసే పని, ప్రేమించే మనిషి లేదా మనసారా పొందే అనుభవం, తప్పించుకోలేని బాధ ఎదుట మనం నిలిచే తీరు. పట్టు మగ్గం ఆగిపోయిన పెద్దవారికి రెండవ దారి తెరిచే ఉంటుంది; చీర అంచులోని కుంభం డిజైన్‌ను మనవరాలికి వివరిస్తున్నప్పుడు వారి గొంతే మారిపోతుంది. అయితే మూడవ దారిని తప్పించుకోలేని బాధకే వాడాలి. రాని కూలి డబ్బులూ తీరని అప్పూ ఉన్నవారికి బాధలోని అర్థం గురించి ఉపన్యసించడం క్రూరత్వమే. అక్కడ ముందు కావలసింది డబ్బు, అండ.

అపోహ: "ఏమీ అర్థం లేదు" అనడం వేదాంతమే, జబ్బు కాదు.

వాస్తవం: ఒక్కోసారి జబ్బే. రెండు వారాలకు పైగా దిగులు వీడకపోయినా, ఇష్టమైన వాటిపైనా ఆసక్తి చచ్చిపోయినా, నిద్రా ఆకలీ తప్పినా అది డిప్రెషన్ కావచ్చు. దానికి చికిత్స ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మన ఇళ్లలో "ఇంకెందుకీ బతుకు" అన్నది ఊతపదం కావడంతో, అసలు బాధ అందులో దాగిపోతుంది. అందుకే చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నేను సూటిగా అడుగుతాను. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. చాలామంది "ఊరికే అన్నానమ్మా" అంటారు. కొందరు మాత్రం కాసేపు మాట్లాడరు. ఆ తరువాత, అంతవరకూ ఒడియాలో చెబుతున్న మాటను తెలుగులో మళ్లీ మొదలుపెడతారు.