స్లీపింగ్ బ్యాగ్ ఉతికే ముందు ఒక మాట

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

క్యాంపు నుంచి తెచ్చిన స్లీపింగ్ బ్యాగులు ఎలా ఉతకాలని అడిగారు. ముందు ఒక సంగతి తెలుసుకోండి. బ్యాగ్ తనంతట తాను వేడి పుట్టించదు. లోపలి దూదిలో చిక్కుకున్న గాలే మీ ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. దూది ఎంత పొంగితే అంత వెచ్చదనం. చెమట, జిడ్డు పట్టేకొద్దీ ఆ పొంగు అణిగిపోతుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికే ఉతుకుతాం. మొరటుగా ఉతికితే మాత్రం ఉన్న పొంగు కూడా పోతుంది.

అందుకే మాటిమాటికీ ఉతక్కండి. బాగా వాడేవాళ్లకు ఏడాదికోసారి చాలు. లోపల పల్చటి లైనర్ (విడిగా ఉతుక్కునే గుడ్డ సంచి) వేసుకుని, శుభ్రమైన బట్టలతో పడుకుంటే బ్యాగుకు జిడ్డే పెద్దగా అంటదు. మొదట మాసేది తల, మెడ ఆనే చోటు. అంతవరకే శుభ్రం చేసుకోవచ్చు. పైబట్టను రెండు వేళ్లతో పట్టి, దూదికి అంటకుండా పైకి లాగి ఉంచండి. పాత టూత్‌బ్రష్‌ను సబ్బునీళ్లలో ముంచి మెల్లగా రుద్దండి. తర్వాత తడిగుడ్డతో రెండు మూడు సార్లు తుడవండి. దూది తడవదు కాబట్టి తొందరగా ఆరిపోతుంది.

మొత్తం ఉతకాల్సి వస్తే ముందు లేబుల్ చూడండి. లోపల పాలిస్టర్ దూది ఉందా, డౌన్ ఉందా? డౌన్ అంటే బాతుల రొమ్ము మీది మెత్తటి నూగు. దానికి సహజంగా కొంచెం నూనె ఉంటుంది. మామూలు డిటర్జెంట్ ఆ నూనెను లాగేస్తే నూగు పెళుసెక్కుతుంది. కాబట్టి డౌన్ కోసమే చేసిన సబ్బు వాడండి, సీసా మీద రాసిన కొలత దాటొద్దు. బ్లీచ్, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ ఏ బ్యాగుకూ వద్దు. సాఫ్ట్‌నర్ పొరలా పట్టేసి పొంగును అణిచేస్తుంది.

మధ్యలో తిరిగే స్తంభం ఉన్న వాషింగ్ మెషిన్‌లో అసలు వేయొద్దు. అది బ్యాగును మెలిపెట్టి, దూది ఒకచోటికి జారకుండా లోపల కుట్టిన అరల కుట్లు తెంపేస్తుంది. ముందు తలుపున్న పెద్ద మెషిన్ అయితే ఫరవాలేదు. నన్నడిగితే బాత్‌టబ్‌కు మించింది లేదు. జిప్ పూర్తిగా వేసి, బ్యాగును లోపలి వైపు బయటికి తిప్పండి. 30 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో సబ్బు కలిపి అందులో వేయండి. లోపలి గాలి వల్ల పైకి తేలుతుంది. అరచేతులతో అదుముతూ ముంచండి. అరగంట నాననిచ్చి, రుద్దకుండా మళ్లీ అదమండి. తర్వాత నీళ్లు మార్చి జాడించండి. మూడు నాలుగు సార్లు పడుతుంది. అదిమినప్పుడు నురుగు రాకుండా ఉండాలి. సబ్బు మిగిలితే నూగు ఉండకట్టి విడిపోదు.

ఎక్కువమంది బ్యాగు పాడుచేసుకునేది ఇక్కడే. తడిసిన బ్యాగును ఒక కొస పట్టుకుని పైకి లాగుతారు. నీళ్ల బరువంతా ఒక్క చోటికి జారి లోపలి పల్చటి అరలు చిరిగిపోతాయి. బయటికి ఏమీ కనబడదు కానీ ఆ తర్వాత దూది అంతా ఒక మూలకు చేరుతుంది. టబ్ ఖాళీ చేసి, కాళ్ల వైపు నుంచి తల వైపుకు మెల్లగా చుడుతూ నీళ్లు అదిమి తీయండి. మెలిపెట్టి పిండొద్దు. రెండు చేతులూ కిందికి పోనిచ్చి, చంటిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి బుట్టలో పెట్టండి.

ఆరబెట్టడానికి ఓపిక కావాలి నాన్నా. డ్రైయర్ ఉంటే తక్కువ వేడి మీద, రెండు మూడు శుభ్రమైన టెన్నిస్ బంతులతో కలిపి తిప్పండి. బంతులు ఉండలను కొట్టి విడదీస్తాయి. వేడి ఎక్కువైతే నైలాన్ బట్ట కరుగుతుంది. డౌన్‌కు మూడు నాలుగు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పాలిస్టర్ త్వరగా ఆరుతుంది. డ్రైయర్ లేకపోతే నీడపట్టున, గాలి ఆడే చోట పరిచి, గంటగంటకూ తిప్పుతూ ఉండలను వేళ్లతో విడదీయండి. రోజుల తరబడి మండుటెండలో వదిలేస్తే నైలాన్ బలం తగ్గుతుంది. ఆరిందో లేదో తేల్చుకోవడానికి బ్యాగును రెండు చేతులతో చాచి కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టండి. అక్కడక్కడ నల్లటి మచ్చల్లా కనబడితే అవి తడి ఉండలే. వాటిని వదిలేస్తే బూజు పట్టి వాసన వస్తుంది.

బాగా ఆరాక ప్రయాణంలో వాడే చిన్న సంచిలోకి కుక్కొద్దు. నెలల తరబడి నొక్కుకుపోయిన దూది మళ్లీ మునుపటంత పొంగదు. పెద్ద కాటన్ సంచిలో వదులుగా వేయండి, లేదా వేలాడదీయండి.

కింద పరుచుకునే గాలి పరుపు సంగతి తేలికే. వాల్వ్ గట్టిగా బిగించి, సబ్బునీళ్ల స్పాంజితో తుడిచి, శుభ్రమైన నీళ్లతో మళ్లీ తుడవండి. తనంతట పొంగే ఫోమ్ పరుపైతే పూర్తిగా ఆరాక వాల్వ్ తెరిచి, చుట్టకుండా పరిచి పెట్టండి. నోటితో ఊదినప్పుడు లోపల చేరిన తేమ కూడా అలాగే బయటికి పోతుంది.

మీ తాతయ్య