పాలకుణ్ని ఎవరు ఎన్నుకోవాలి: ఇస్లాం, ప్రజాస్వామ్యం, ఓరుగల్లు అనుభవం

మొహర్రం నెలలో వరంగల్, కరీంనగర్ ప్రాంతాల పల్లెల్లో పీర్ల కొట్టం ముందు గుండం తవ్వి, నిప్పులు రాజేసి, రాత్రంతా అలాయి ఆడేవారిలో ఎక్కువమంది ముస్లింలు కారు. ఆసన్న, ఊసన్న అని తాము పిలుచుకునే హసన్, హుసేన్‌లకు మొక్కులు చెల్లించి, పీర్లకు దట్టీలు కట్టి, ఊదు వేసి వారు ఇళ్లకు తిరిగి వెళ్తారు. ఆ పండుగకు మూలమైన తగాదా పాలకుణ్ని ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్న దగ్గర మొదలైందని ఆడేవారిలో ఎందరికి తెలుసో చెప్పలేం. ముస్లిం సమాజానికి అధిపతిగా, అంటే ఖలీఫాగా ఉన్న మువావియా తన తర్వాత తన కొడుకు యజీద్ పాలించాలని నిశ్చయించాడు. ప్రవక్త మనుమడు హుసేన్ ఆ యజీద్‌కు విధేయతా ప్రమాణం చేయడానికి నిరాకరించి, 680లో కర్బలా మైదానంలో ప్రాణం వదిలాడు. ఇస్లాంకూ ప్రజాస్వామ్యానికీ పొత్తు కుదురుతుందా అని నేడు అడిగేవారు సాధారణంగా ఇరవయ్యో శతాబ్దం నుంచి మొదలుపెడతారు కాని, ఆ వివాదం ఆ మతం తొలి యాభై ఏళ్లలోనే పుట్టింది.

632లో ప్రవక్త ముహమ్మద్ మరణించినప్పుడు వారసుడెవరన్న విషయంలో అందరూ అంగీకరించిన విధానం ఏదీ లేదు. మదీనాలోని ఒక చావడిలో వాదోపవాదాలు జరిగాక అబూబక్ర్‌ను ఖలీఫాగా అంగీకరించి, ఆయన చేతిలో చేయి వేసి ప్రమాణం చేశారు. అరబ్బీలో దీనినే ‘బైఅత్’ అంటారు. అబూబక్ర్ తన తర్వాత ఉమర్ పేరును తానే సూచించి వెళ్లాడు. ఉమర్ మరణశయ్యపై ఆరుగురి సంఘాన్ని నియమించగా, వారు 644లో ఉస్మాన్‌ను ఎంపిక చేశారు. ఉస్మాన్ హత్య తర్వాత 656లో అలీకి మదీనా ప్రజలు ప్రమాణం చేశారు. నలుగురు పాలకులు వచ్చిన దారులు నాలుగు. వీటిలో ఏదీ నేటి అర్థంలో ఎన్నిక కాదు, ఏదీ వంశపారంపర్యమూ కాదు. తర్వాతి కాలంలో రాచరికాన్ని సమర్థించినవారికీ, ప్రాతినిధ్య ప్రభుత్వాన్ని కోరినవారికీ ఈ ముప్ఫై ఏళ్ల చరిత్రే ఆధారమైంది.

ఖురాన్‌లోని నలభై రెండో అధ్యాయానికి ‘షూరా’ అని పేరు. విశ్వాసులు తమ వ్యవహారాలను పరస్పర సంప్రదింపుతో నడుపుకుంటారని ఆ అధ్యాయం ముప్ఫై ఎనిమిదో వాక్యం చెబుతుంది. ఎవరితో సంప్రదించాలి, ఆ సలహాకు పాలకుడు కట్టుబడాలా, కట్టుబడకపోతే ఏం చేయాలి అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు లేదు. ఆ ఖాళీని నింపే పని న్యాయపండితులది అయింది. 1058లో మరణించిన అల్ మావర్దీ అనే బాగ్దాద్ పండితుడు ఖలీఫాను ఎన్నుకునే యోగ్యులు ఎందరుండాలన్న చర్చలో, ఒక్కరి ఎంపిక చాలునన్న అభిప్రాయాన్ని కూడా నమోదు చేశాడు. అప్పటికే అధికారం సుల్తానుల కత్తి అంచుకు చేరింది కనుక, ఉన్న వాస్తవానికి శాస్త్రాన్ని సర్దడం తప్ప పండితులకు వేరే దారి కనబడలేదనే చెప్పాలి. అరాచకం కంటే దుష్టపాలన మేలన్న మాట శతాబ్దాలపాటు చెలామణి అయింది.

పందొమ్మిదో శతాబ్దిలో యూరప్ సైన్యాల చేతుల్లో ఓటములు, అప్పుల భారం ఎదురయ్యాకే ఈ చర్చకు మళ్లీ వేడి పుట్టింది. 1876లో ఒట్టోమాన్ సుల్తాను రాజ్యాంగాన్ని ప్రకటించి రెండేళ్లు తిరగకముందే పక్కన పెట్టాడు. ఇరాన్ 1906లో పార్లమెంటును సాధించుకుంది. అక్కడ ఒకే శాస్త్రాన్ని చదువుకున్న ఇద్దరు మతపెద్దలు ఎదురెదురుగా నిలబడ్డారు. నియంత పాలన దైవాధికారాన్ని కాజేయడమేనని, రాజ్యాంగం ఆ పాపాన్ని తగ్గిస్తుందని నాయినీ 1909లో రాశాడు. మనుషులు శాసనాలు చేయడమే మతవిరుద్ధమని ఫజ్లుల్లా నూరీ వాదించి షాతో చేతులు కలిపాడు. రాజ్యాంగవాదులు గెలిచి అదే ఏడాది నూరీని ఉరితీశారు.

1924 మార్చి 3న టర్కీ జాతీయ సభ ఖలీఫా పదవిని, అంటే ఖిలాఫత్‌ను రద్దు చేసింది. మరుసటి ఏడాదే ఈజిప్టులోని అల్ అజ్‌హర్ పండితుడు అలీ అబ్దుల్ రాజిక్, ఖిలాఫత్ మతవిధి కాదని, పాలనా పద్ధతిని ఇస్లాం మనుషుల వివేకానికే వదిలిందని రాసి తన పండిత హోదాను పోగొట్టుకున్నాడు. ఎన్నికైన సభకు ఖలీఫా అధికారాలు దఖలుపడటం సబబేనని కవి ఇక్బాల్ తన ప్రసంగాల్లో అన్నాడు. దేశం విడిచి వెళ్లిన చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌కు హైదరాబాద్ నిజాం నెలనెలా భరణం పంపాడు. 1931లో ఆ ఖలీఫా కూతురు దుర్రుషెహవార్‌ను నిజాం పెద్దకొడుకు ఆజం జా పెళ్లి చేసుకున్నాడు. వరంగల్‌లో 1934లో వెలసిన అజంజాహి మిల్లుకు పేరిచ్చింది ఈ యువరాజే. మిల్లు మూతపడి ఏళ్లు గడిచినా ఆ పేరు ఊళ్లో వినబడుతూనే ఉంది, అయితే అది ఖలీఫా అల్లుడి పేరన్న సంగతి గుర్తున్నవారు తక్కువ.

ఈ వియ్యాన్ని బట్టి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను ఖలీఫా పదవిని కాపాడాలంటూ భారత ముస్లింలు నడిపిన ఖిలాఫత్ ఉద్యమానికి అండగా నిలిచిన రాజని అనుకుంటే పొరపాటు. 1914లో ఒట్టోమాన్ ఖలీఫా బ్రిటన్‌పై జిహాద్ ప్రకటించినప్పుడు, ముస్లింలంతా బ్రిటిష్ వారి పక్షాన నిలవాలని ఆయన విజ్ఞప్తి చేశాడు. 1921లో ఖిలాఫత్ సభలు హైదరాబాదును కదిలిస్తుంటే, రాజకీయ సభలకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేస్తూ ఫర్మానా జారీ చేశాడు. తర్వాత ‘గస్తీ నిషాన్ 53’గా జనం నోళ్లలో నానిన ఆంక్షలకు పూర్వరంగం ఇదే. ముస్లిం సభలను ఆపడానికి వాడిన అడ్డుకట్టే, 1930లో జోగిపేటలో మొదలై సిరిసిల్ల, నిజామాబాదుల మీదుగా సాగిన, సంస్థానంలోని తెలుగువారి సంస్థ ఆంధ్ర మహాసభకూ అడ్డువచ్చింది. నా ఉద్దేశంలో నిజాం రాజ్యాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే పనికొచ్చే వివరం మరొకటి లేదు. దివాణం భయపడింది సభలకే, ఆ సభ ఎవరిదన్నది తర్వాతి మాట.

1937లో బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో ఎన్నికైన మంత్రివర్గాలు ఏర్పడటంతో, బాధ్యతాయుత ప్రభుత్వం కావాలన్న కోరిక సంస్థానంలోనూ బలపడింది. అరవముదు అయ్యంగార్ సంఘం సిఫారసులను అనుసరించి 1939 జూలైలో సంస్కరణలు వెలువడ్డాయి. 85 మంది సభ్యుల శాసనసభలో 42 మందే ఎన్నికైనవారు. వారినీ ప్రాంతాలవారీగా కాక వృత్తులవారీగా ఎన్నుకోవాలి, హిందువులకూ ముస్లింలకూ సమాన స్థానాలుండాలి. జనాభాలో ముస్లింలు సుమారు 13 శాతం. మంత్రులు ఈ సభకు జవాబుదారులు కారు. యుద్ధం పేరుతో దానినీ వాయిదా వేసి 1946లో ఎన్నికలు జరిపితే, స్టేట్ కాంగ్రెస్ బహిష్కరించింది.

1927లో ఏర్పడిన మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్, బహదూర్ యార్ జంగ్ నాయకత్వంలో ‘అనల్ మాలిక్’ అనే సిద్ధాంతాన్ని ప్రచారం చేసింది. ‘నేనే రాజును’ అని దాని అర్థం. దక్కన్‌లో సార్వభౌమత్వం ముస్లిం సమాజానిదని, నిజాం ఆ అధికారానికి ప్రతీక మాత్రమేనని, ప్రతి ముస్లిమూ అందులో వాటాదారేనని చెప్పిన ఈ వాదం, పస్తులుండే ముస్లిం జవానునూ బంట్రోతునూ కూడా సింహాసనంలో భాగస్వామిని చేసింది. చిత్రమేమిటంటే, అధికారం రాజుది కాదు, సమాజానిదన్న మొదటి సగం ప్రజాస్వామ్య వాదమే. ఆ సమాజంలోకి నూటికి ఎనభైమందికి పైగా ప్రజలను రానివ్వకపోవడం రెండో సగం. శాస్త్ర దృష్టితో చూసినా ఇది నిలిచే వాదం కాదు. పాలించే హక్కు ఒక మతస్థుల పుట్టుక హక్కు అని చెప్పడానికి షూరా వాక్యంలోగాని, మావర్దీలోగాని ఆధారం దొరకదు. తలలు లెక్కపెట్టే రోజు వస్తే ఉద్యోగాలు, ఉర్దూ, గౌరవం ఏమవుతాయన్న మైనారిటీ భయం దీనికి పునాది. ఆ భయాన్ని కొట్టిపారేయడం అన్యాయమే అవుతుంది, కాని దానిని మతశాస్త్రంగా చూడటం కూడా తప్పే.

అదే నిజాం రాజ్యంలోని ఔరంగాబాదులో 1903లో పుట్టిన అబుల్ ఆలా మౌదూదీ వేరే దారి పట్టాడు. సార్వభౌమత్వం రాజుదీ కాదు, జాతిదీ కాదు, అల్లాహ్‌ది మాత్రమే అని ఆయన వాదన. మనుషులు ప్రతినిధులుగా దైవశాసనాన్ని అమలు జరపాలి తప్ప కొత్త శాసనాలు చేయరాదు. తన నమూనాకు ఆయన దైవ ప్రజాస్వామ్యం అని పేరు పెట్టి, 1941లో లాహోరులో జమాతె ఇస్లామీని స్థాపించాడు. దేవ్‌బంద్ పండితుడు హుసేన్ అహ్మద్ మదనీ దీనికి భిన్నంగా, ప్రవక్త మదీనాలో యూదులతో చేసుకున్న ఒప్పందాన్ని చూపి, వేర్వేరు మతాలవారు ఒకే జాతిగా ఉండవచ్చునని 1938లో వాదించాడు. 1949 మార్చిలో పాకిస్తాన్ రాజ్యాంగ సభ సార్వభౌమత్వం అల్లాహ్‌దని తీర్మానించింది. అదే ఏడాది నవంబరులో భారత రాజ్యాంగం ‘ప్రజలమైన మేము’ అని మొదలైంది. మదనీ వంటివారి శిష్యులు ఆ రాజ్యాంగాన్ని ముస్లింలు కుదుర్చుకున్న ఒడంబడికగా భావించారు.

ఓరుగల్లు నేలపై ఈ వాదాల విలువ ఎంతో ఊళ్లు అప్పటికే తేల్చాయి. కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌పై న్యాయస్థానంలో పోరాడి గెలిచి, 1940లో హత్యకు గురయ్యాడు. దేశ్‌ముఖ్ హిందువు, రాజు ముస్లిం. బందగీకి రాజు మతం అక్కరకు రాలేదు, అనల్ మాలిక్ ఆయన పొలం గట్టు దాకా రాలేదు. 1946 ఆగస్టు 11న వరంగల్ కోటలో జాతీయ జెండా ఎగరేసినందుకు జరిగిన దాడిలో బత్తిని మొగిలయ్య ప్రాణాలు పోగొట్టుకున్నాడు. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జెండా పట్టుకొని కదిలిన జనంపై కాల్పులు జరిగాయి. లాతూరు వకీలు ఖాసిం రజ్వీ చేతికి మజ్లిస్ వచ్చాక దాని సాయుధ దళమైన రజాకార్లు చేసిన ఆగడాలు ఈ జిల్లాల ముసలివారి జ్ఞాపకాల్లో నేటికీ పచ్చిగానే ఉన్నాయి.

ఆ జ్ఞాపకాల్లో అంతగా చోటు దొరకనివారు మరికొందరున్నారు. 1948 ఆగస్టులో ఏడుగురు హైదరాబాద్ ముస్లిం ప్రముఖులు, రజాకార్ల దళాన్ని రద్దు చేసి సంస్థానాన్ని భారత యూనియన్‌లో చేర్చాలని ప్రకటన ఇచ్చారు. సంతకం చేసినవారిలో కార్మిక నాయకుడు బాకర్ అలీ మీర్జా, మాజీ తహసీల్దారు ఫరీద్ మీర్జా ఉన్నారు. ఆ ప్రకటనను ‘ఇమ్రోజ్’ పత్రికలో అచ్చువేసిన యువ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను కొద్ది రోజులకే, ఆగస్టు 21 రాత్రి, చేయి నరికి చంపారు. సెప్టెంబరు 13 నుంచి 17 వరకు భారత సైన్యం జరిపిన పోలీస్ చర్యతో సంస్థానం ముగిసింది. ఆ తర్వాత జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది వరకు మరణించి ఉంటారని ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది. మృతుల్లో అత్యధికులు ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయి. ప్రజాపాలన ఈ సంస్థానంలోకి ఇంత నెత్తుటి మీదుగా వచ్చిందన్న సంగతిని రజాకార్ల కథ చెప్పేటప్పుడు దాటవేయడం మనకు అలవాటైపోయింది.

బయటి ప్రపంచపు అనుభవమూ ఒకే దిక్కు చూపదు. ఇరాన్‌లో ఎన్నికైన ప్రధాని మొసాద్దెఖ్‌ను 1953లో కూలదోసింది అమెరికా, బ్రిటన్‌ల ప్రోద్బలం. 1979 తర్వాత అదే దేశంలో ఎన్నికలపై మతపండితుడి ఆధిపత్యం స్థిరపడింది. అల్జీరియాలో 1991 డిసెంబరు తొలి విడత పోలింగులో ఇస్లామిక్ పార్టీ గెలవగానే సైన్యం ఎన్నికలనే రద్దు చేసింది. ప్రపంచంలో అత్యధిక ముస్లిం జనాభా ఉన్న ఇండోనేషియా సైనిక నియంత సుహార్తో దిగిపోయాక, 1999 నుంచి క్రమంగా ఎన్నికలు జరుపుకుంటోంది. అన్నిచోట్లా చదివే ఖురాన్ ఒకటే, తేడా సైన్యంలో, చమురులో, భూమిలో, పరాయి జోక్యంలో ఉంది.

తెలంగాణలో పాత సంస్థల నడత కూడా మారింది. ఓటు వేయడం దైవ సార్వభౌమత్వానికి విరుద్ధమని తన సభ్యులను దశాబ్దాలపాటు పోలింగుకు దూరంగా ఉంచిన భారత జమాతె ఇస్లామీ 1980లలో ఆ నిషేధాన్ని సడలించుకుంది. అబ్దుల్ వాహెద్ ఒవైసీ మజ్లిస్‌ను 1950ల చివర భారత రాజ్యాంగానికి కట్టుబడిన పార్టీగా మళ్లీ నిలబెట్టాడు.

వరంగల్ లోక్‌సభ స్థానంలో 1952లో వయోజన ఓటుతో జరిగిన తొలి ఎన్నికలో కమ్యూనిస్టుల ఆధ్వర్యంలోని పీడీఎఫ్ (పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) అభ్యర్థి పెండ్యాల రాఘవరావు గెలిచారు. ఆయన చేతిలో ఓడినవారిలో కాళోజీ నారాయణరావు ఒకరు. ఉప ఎన్నికలో హుజూర్‌నగర్ రైతులు కమ్యూనిస్టు కవి మఖ్దూం మొహియుద్దీన్‌ను శాసనసభకు పంపారు. రజాకార్ల గాయం మానడానికి పదేళ్లయినా నిండని 1957లో, హిందువులే అత్యధికులైన వరంగల్ ఓటర్లు కాంగ్రెస్ తరఫున సాదత్ అలీ ఖాన్‌ను పార్లమెంటుకు ఎన్నుకున్నారు. 1962లో అదే స్థానం నుంచి వారు ఎన్నుకున్న వ్యక్తి బాకర్ అలీ మీర్జా. పద్నాలుగేళ్ల క్రితం షోయబుల్లా ఖాన్ తన పత్రికలో అచ్చువేసిన ప్రకటనపై ఉన్న ఏడు సంతకాల్లో ఆయనది ఒకటి.