తుడిచినా మళ్లీ వచ్చే ఫైళ్లు: అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో కంప్యూటర్లు రిపేరు చేయడం నా పని. సిస్టం స్లో అయిందని వచ్చేవాళ్లు చిరాకుగా వస్తారు. "నేను పెట్టని ఫైలు ఉంది, డిలీట్ చేస్తే మళ్లీ వస్తోంది" అని వచ్చేవాళ్లు మాత్రం భయంతో వస్తారు. ఆ భయంలో చేతికి దొరికిందల్లా డిలీట్ చేసేసి, ఉన్న డేటా కూడా పోగొట్టుకుంటారు. అది చూసినప్పుడు నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అపోహ: నేను చేయని ఫైలు కనబడిందంటే ఎవరో హ్యాక్ చేశారు.

దస్తావేజులు రాసే ఒకాయన సీపీయూ చంకలో పెట్టుకుని వచ్చాడు. "పొద్దున తుడిచేస్తే సాయంత్రానికి మళ్లా ఉండాయి సార్. ఎవరో నా సిస్టంలోకి దూరినారు. జనాల ఆస్తుల కాగితాలుండాయి దాంట్లో" అన్నాడు. ఫోల్డర్ తెరిచి చూశాను. కొన్ని డాక్యుమెంట్ల పక్కన దాదాపు అదే పేరుతో ఇంకో ఫైలు ఉంది. పేరులో మొదటి రెండు అక్షరాల చోట ~$ గుర్తులు, ఐకాన్ మసక, సైజు 162 బైట్లు.

అది వర్డ్ పెట్టుకునే గుర్తు. మనం ఒక డాక్యుమెంట్ తెరవగానే, అదే ఫైలును ఇంకొకరు ఒకేసారి మార్చకుండా తెరిచినవాళ్ల పేరుతో ఈ చిన్న ఫైలు పెడుతుంది. మూసేటప్పుడు తనే తీసేస్తుంది. మధ్యలో కరెంటు పోతే తీసే అవకాశం ఉండదు కాబట్టి అది అక్కడే మిగిలిపోతుంది. ఆయన యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. దానికితోడు ఎవరో దాచిన ఫైళ్లు చూపించే ఆప్షన్ ఆన్ చేసి వదిలేశారు. లేకపోతే అవి ఆయన కంట పడేవే కావు. బ్యాటరీ మార్చి, వర్డ్ మూసి, ఆ ఫైళ్లు తీసేస్తే పని అయిపోయింది.

డెస్క్‌టాప్.ఐఎన్ఐ, థంబ్స్.డీబీ, పెన్ డ్రైవ్‌లో కనిపించే సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ ఫోల్డర్ కూడా మామూలుగా విండోస్ పెట్టేవే. వాటి జోలికి పోనక్కర్లేదు.

అపోహ: డిలీట్ చేసినా వస్తోందంటే మొండి వైరస్.

మళ్లీ వచ్చిందంటే దాన్ని రాసే ప్రోగ్రామ్ ఇంకా నడుస్తోందని అర్థం, అంతే. ఆ ప్రోగ్రామ్ మంచిదో చెడ్డదో వేరే చూసుకోవాలి. 2020 అక్టోబర్‌లో చాలామంది డెస్క్‌టాప్ మీద డీబగ్.లాగ్ అనే ఫైలు పుట్టుకొచ్చింది. తీసేస్తే మళ్లీ వచ్చేది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఏదో ఫోల్డర్ దారి దొరకలేదని ఒక ఎర్రర్ లైను. తీరా చూస్తే అది బ్రౌజర్‌లో దొర్లిన చిన్న తప్పు, దానివల్ల ఏ హానీ లేదు. ఆ నెల నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఇద్దరు అప్పటికే సిస్టం ఫార్మాట్ చేయించుకుని ఉన్నారు. బ్రౌజర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయగానే ఆ ఫైలూ వచ్చేసింది!

అందుకే నేను ముందు డిలీట్ చేయను. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో అది పుట్టిన టైము చూస్తాను. సరిగ్గా ఆ నిమిషంలో ఏం తెరిచారో అడుగుతాను. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే, ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలును ముట్టుకుంటోందో చూపించే ప్రాసెస్ మానిటర్ అనే టూల్ పెడతాను. విండోస్ టూల్స్ చేసే సిస్‌ఇంటర్నల్స్‌ను మైక్రోసాఫ్ట్ 2006లో కొన్నది, ఈ టూల్ మైక్రోసాఫ్ట్ సైటులోని సిస్‌ఇంటర్నల్స్ పేజీలో ఉచితంగా దొరుకుతుంది. ఫిల్టర్‌లో పాత్ అనే చోట ఆ ఫైలు పేరు ఇచ్చి, ఫైలు ఇంకోచోటికి జరిపి, ఊరికే కూర్చోవాలి. ఫైలు మళ్లీ పుట్టిన క్షణాన తెర మీద వరసలు పడతాయి. ఆ వరసలో ప్రాసెస్ నేమ్ అనే చోట ఉన్నదే మనం వెతికే ప్రోగ్రామ్. ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు.

అపోహ: పెన్ డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయ్యాయంటే డేటా పోయినట్టే.

ఇది మాత్రం నిజంగా వైరసే. కానీ డేటా చాలావరకు అక్కడే భద్రంగా ఉంటుంది. ప్రాజెక్టు రిపోర్టు రేపు ఇవ్వాలి అనగా ఒక ఇంజనీరింగ్ అమ్మాయి కళ్లనీళ్లతో వచ్చింది. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకొచ్చాక ఇలా అయిందంట. రూమ్మేట్ ఫార్మాట్ కొట్టమన్నదంట. కొట్టకుండా తేవడమే ఆమె అదృష్టం. పెన్ డ్రైవ్‌లో ఎంత జాగా నిండిందో చూపించాను. పోయిందనుకున్న డేటా మొత్తం ఆ లెక్కలో కనబడుతూనే ఉంది.

ఈ వైరస్ అసలు ఫోల్డర్లకు హిడెన్, సిస్టమ్ అనే రెండు గుర్తులు తగిలించి దాచేస్తుంది. వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు పెడుతుంది. షార్ట్‌కట్ నొక్కితే లోపలి ఫోల్డర్ మామూలుగానే తెరుచుకుంటుంది, దాంతోపాటు చాటున ఒక స్క్రిప్టు, అంటే వైరస్ రాసిపెట్టిన చిన్న ప్రోగ్రామ్, కూడా నడుస్తుంది. ఏమీ తేడా కనబడదు కాబట్టి మనకు అనుమానం రాదు. ఆ స్క్రిప్టు కంప్యూటర్ స్టార్టప్‌లో చేరి, తర్వాత ఏ పెన్ డ్రైవ్ పెట్టినా దానికీ అదే పని చేస్తుంది. పెన్ డ్రైవ్ పెట్టగానే దానంతటదే నడిచే ఆటోరన్‌ను మైక్రోసాఫ్ట్ 2011లో పాత విండోస్‌లకూ అప్‌డేట్ ఇచ్చి ఆపేసింది. ఇప్పుడు ఈ రకం వైరస్‌కు తలుపు తీసేది ఎక్కువగా మన డబుల్ క్లిక్కే.

కాబట్టి ముందు కంప్యూటర్‌ను శుభ్రం చేయాలి. టాస్క్ మేనేజర్‌లో, ఇలాంటి స్క్రిప్టులను నడిపే విండోస్ స్క్రిప్ట్ హోస్ట్ కనిపిస్తే ఆపి, స్టార్టప్‌లో ఉన్నది తీసేసి, ఫుల్ స్కాన్ చేయాలి. ఆ తర్వాతే పెన్ డ్రైవ్ పెట్టి, స్కాన్ చేసి, అట్రిబ్ కమాండ్‌తో ఆ రెండు గుర్తులు తీసేయాలి. ఈ వరస తిరగబడితే ఎన్నిసార్లు చేసినా మొదటికే వస్తుంది. ఆ అమ్మాయి రిపోర్టు ఒక్క పేజీ కూడా పోలేదు. ప్రింట్ల కోసమే ఒక చిన్న పెన్ డ్రైవ్ విడిగా పెట్టుకోమని, దాంట్లో ఆ రోజు ప్రింట్ చేయాల్సిన పీడీఎఫ్ తప్ప ఇంకేమీ ఉంచొద్దని చెప్పి పంపాను.

అపోహ: ఫౌండ్.000 ఫోల్డర్ చెత్త, తీసేయొచ్చు.

ఆగండి. కరెంటు పోయినప్పుడో, పెన్ డ్రైవ్ అలాగే పీకేసినప్పుడో డిస్క్ లెక్క తప్పుతుంది. తర్వాత విండోస్ డిస్క్‌ను సరిచూసే చెక్ డిస్క్ నడిపి, పేరు పోయిన ముక్కలను సీహెచ్‌కే ఫైళ్లుగా ఈ ఫోల్డర్‌లో పెడుతుంది. అవి మీ ఫైళ్ల ముక్కలే. ఫోటోలు పోయి ఉంటే, ముందు మొత్తం ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ కాపీల చివర జేపీజీ అని పేరు మార్చి చూడండి. ముక్క ముక్కలు కాకుండా ఒకేచోట ఉన్న ఫోటో అలాగే తెరుచుకుంటుంది. అన్నీ రావు. అయినా పెళ్లి ఫోటోల్లో సగం వెనక్కి వచ్చినప్పుడు ఆ ఇంటివాళ్ల మొహాలు నేను చూశాను.

అపోహ: సిస్టం ఫార్మాట్ చేస్తే పీడ విరగడైపోతుంది.

డేటా కాపీ పెట్టుకున్న పెన్ డ్రైవ్‌లోనే వైరస్ ఉంటే, ఫార్మాట్ చేసిన గంటలో తిరిగొస్తుంది.

షాపుకు తెచ్చే ముందు మీరు చేయాల్సింది ఒక్కటే. ఏదీ డిలీట్ చేయకుండా, ఆ ఫైలు పేరు, పుట్టిన టైము కనబడేలా ఫోనుతో ఒక ఫోటో తీసుకురండి. ఈమధ్య ఆ కంప్యూటర్‌కు పెట్టిన పెన్ డ్రైవ్‌లు కూడా తీసుకురండి.